సిట్రోయెన్ ఐడీ 19, డీఎస్ 21: కొనుగోలుకు ముందు జరిపిన ఒక పరిశీలన

పాత కార్లను కొనదలచినవారి తరఫున ముందుగా పరిశీలించి, కొనవచ్చునో లేదో, కొంటే ఏ మేరకు ఖర్చుకు సిద్ధపడాలో రాతపూర్వకంగా చెప్పడం నా వృత్తి. పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, లారీల డీజిల్ పంపులు బాగుచేసే షెడ్డులో. కొన్నేళ్ళుగా ఉంటున్నది ఫ్రాన్సులో, లియోన్ నగరానికి దగ్గరలో. ఇక్కడ వివరిస్తున్న కేసులో కొనుగోలుదారు గ్రెనోబుల్‌లో నివసించే ఒక తెలుగువారు. పూర్వీకులది యానాం, ఆ పట్టణం భారతదేశంలో కలిసిన తరువాత ఫ్రెంచి పౌరసత్వాన్ని ఎంచుకున్న కుటుంబాల్లో వారిదొకటి. ఆయన ముందు రెండు కార్లున్నాయి. రెండూ సిట్రోయెన్‌వే, పక్కనుంచి చూస్తే రెండింటి ఆకారమూ ఒకటే. ఒకటి 1964 నాటి ఐడీ 19, రెండోది 1968 నాటి డీఎస్ 21, అందులోనూ పల్లాస్ అనే ఖరీదైన రకం. డీఎస్‌కు అడిగిన ధర ఐడీ ధరకు దాదాపు రెట్టింపు.

ఫోనులో ఆయన తన లెక్క ఇలా చెప్పారు: "ఐడీ సాదా బండి కదండీ, తక్కువ ఖర్చుతో నడిచిపోతుంది. డీఎస్‌లో గేర్లతో సహా అన్నీ హైడ్రాలిక్కులే, ఏ ఒక్కటి పాడైనా జేబుకు చిల్లే. అందుకని ఐడీ వైపే మొగ్గుతున్నాను, మీరేమంటారు?" ఈ అభిప్రాయం ఆయన ఒక్కరిదే కాదు, పాత సిట్రోయెన్‌ల గురించి కాస్త తెలిసినవారిలో చాలామంది నమ్మేదే. చివరికి నేను కూడా ఐడీనే కొనమని రాశాను, కానీ ఆయన చెప్పిన కారణానికి కాదు. హైడ్రాలిక్ (ద్రవపు ఒత్తిడితో పనిచేసే) వ్యవస్థ వరకు చూస్తే ఈ జంటలో ఇబ్బందిపెట్టే బండి ఐడీయే. కొనకూడనిదిగా తేలిన డీఎస్‌లో హైడ్రాలిక్కులు నిక్షేపంగా ఉన్నాయి.

రెండు కార్ల మధ్య అసలు తేడా

డీఎస్ 19 మొదటిసారి జనం ముందుకు వచ్చింది 1955 అక్టోబరులో, పారిస్ మోటారు ప్రదర్శనలో. మొదటి రోజు ముగిసేసరికి పన్నెండు వేల ఆర్డర్లు వచ్చాయి. దాని ఆకారాన్ని తీర్చినవాడు ఇటలీకి చెందిన ఫ్లమీనియో బెర్తోనీ, మొత్తం ఇంజనీరింగుకు బాధ్యుడు ఆంద్రే లెఫెవ్ర్, హైడ్రోప్న్యూమాటిక్ సస్పెన్షన్‌ను రూపొందించినవాడు పాల్ మజేస్. ఈ సస్పెన్షన్‌లో ఉక్కు స్ప్రింగులు ఉండవు. ప్రతి చక్రం దగ్గరా ఒక ఉక్కు గోళం ఉంటుంది. గోళం లోపల రబ్బరు పొరకు ఒక పక్క నైట్రోజన్ వాయువు, మరో పక్క ద్రవం ఉంటాయి. చక్రం పైకి లేచినప్పుడు ద్రవం వాయువును నొక్కుతుంది, ఆ వాయువే స్ప్రింగుగా పనిచేస్తుంది. కారులో ఎందరు కూర్చున్నా, డిక్కీలో ఎంత బరువు వేసినా, ఎత్తును సరిచేసే కవాటాలు ద్రవాన్ని పంపుతూనో వదులుతూనో బండిని నేల నుంచి ఒకే ఎత్తులో నిలుపుతాయి. ఈ పద్ధతిని అంతకుముందు ఏడాదే, 1954లో, సంస్థ అంతకుముందటి మోడలైన ట్రాక్షన్ 15 సిక్స్ కారుకు వెనుక చక్రాల వరకు అమర్చి పరీక్షించారు.

దీనికి కావలసిన ఒత్తిడిని ఇంజను తిప్పే పంపు పుట్టిస్తుంది. అది 150 నుంచి 175 బార్ల దాకా ఉంటుంది. డీఎస్‌లో ఈ ఒక్క ఒత్తిడితోనే సస్పెన్షన్, బ్రేకులు, స్టీరింగు, క్లచ్చు, గేర్లు అన్నీ పనిచేస్తాయి. క్లచ్చు పెడల్ ఉండదు. స్టీరింగు చక్రం వెనుక ఉండే చిన్న మీటను వేలితో జరిపితే, మిగతా పనంతా ఇంజను పక్కనున్న హైడ్రాలిక్ బ్లాకు చూసుకుంటుంది. అయితే గేరుపెట్టె మాత్రం మామూలు నాలుగు గేర్ల పెట్టె. లోపలి కడ్డీలను చేతికి బదులు ద్రవం కదుపుతుంది.

ఇంత క్లిష్టమైన కారు తొలి సంవత్సరాల్లో చాలా ఇబ్బందులు పెట్టింది, ధర కూడా చాలామందికి అందుబాటులో లేదు. అందుకు జవాబుగా సంస్థ 1956లో చూపించి 1957 నుంచి అమ్మినది ఐడీ 19. శరీరం, సస్పెన్షన్ అవే. కానీ క్లచ్చు కాలితో నొక్కాలి, గేర్లు చేత్తో మార్చాలి, మనం చూసిన బండిలోనైతే పవర్ స్టీరింగు లేదు; డీఎస్‌లో ఏడు పిస్టన్ల పంపు ఉండే చోట ఇందులో ఒక్క పిస్టన్ పంపు ఉంది. బ్రేకుకు డీఎస్‌లో ఉండే పుట్టగొడుగు ఆకారపు రబ్బరు బొత్తాముకు బదులు మామూలు పెడల్ ఉంటుంది. డీఎస్, ఐడీ కుటుంబం అంతా కలిపి 1975 ఏప్రిల్‌లో ఉత్పత్తి ఆగేనాటికి 14,55,746 కార్లు తయారయ్యాయి. వాటిలో అధిక భాగం పారిస్‌లోని జావెల్ రేవు కర్మాగారంలోనివే. ఆ స్థలంలో ఇప్పుడు ఆంద్రే సిట్రోయెన్ పేరుతో ఉద్యానవనం ఉంది.

ఇంజన్ల సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఈ కేసులో నిర్ణయం వాటి మీద ఆధారపడలేదు. ఐడీలోని 1911 సీసీ ఇంజను యుద్ధానికి ముందున్న ట్రాక్షన్ కారు నుంచి వచ్చినది, 78 మి.మీ. బోరుకు 100 మి.మీ. స్ట్రోకు, క్రాంకుకు మూడు ప్రధాన బేరింగులు. నెమ్మదిగా లాగుతుంది, విసుగెరగదు. డీఎస్ 21లోనిది 2175 సీసీ, 90 మి.మీ. బోరు, 85.5 మి.మీ. స్ట్రోకు, అయిదు బేరింగులు. హైవే మీద దాని ముందు ఐడీ వయసు మళ్ళిన మనిషిలా కనిపిస్తుంది. రెండు ఇంజన్లలోనూ లైనర్లు మార్చుకోదగినవి, రెండూ కంప్రెషన్ పరీక్షలో తృప్తికరంగానే వచ్చాయి.

ఎరుపు ద్రవం, ఆకుపచ్చ ద్రవం

1966 సెప్టెంబరును ఈ కార్ల చరిత్రలో ఒక సరిహద్దుగా భావించాలి. అంతకుముందు తయారైన మన ఐడీ వంటి బండ్లలో వాడేది ఎల్‌హెచ్‌ఎస్ అనే ఎర్రని కృత్రిమ ద్రవం. గుణంలో అది మామూలు బ్రేకు ఆయిలుకు దగ్గరిది, అంటే గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తరువాతి ఫ్రెంచి బండ్లలో వాడింది ఎల్‌హెచ్‌ఎం అనే ఆకుపచ్చని ఖనిజ తైలం. అది తేమను పీల్చదు, పైగా లోహాన్ని తుప్పు నుంచి కాపాడుతుంది. ఒక్కో ద్రవానికి సరిపడే రబ్బరు వేరు. ఎర్ర వ్యవస్థలో ఆకుపచ్చ పోసినా, ఆకుపచ్చ వ్యవస్థలో ఎరుపు పోసినా సీళ్ళు ఉబ్బి, మెత్తబడి, కొద్దికాలంలోనే పనికిరాకుండా పోతాయి. పొరపాటు జరగకుండా సంస్థ కొత్త భాగాలకు ఆకుపచ్చ రంగు వేసి పంపేది.

తేమ ఎందుకంత ప్రమాదమో చెప్పాలంటే ఆ భాగాల లోపలి కొలతలు తెలియాలి. ఎత్తు సరిచేసే కవాటాల్లోనూ, ఒత్తిడిని నియంత్రించే రెగ్యులేటర్‌లోనూ లోపల కదిలే కడ్డీకి, దాని రంధ్రానికి మధ్య సీలు ఉండదు. మిల్లీమీటరులో వెయ్యో వంతు లెక్కన రాపిడి చేసి జతచేసిన లోహమే ద్రవాన్ని ఆపుతుంది. డీజిల్ పంపులో ప్లంజరు, బారెలు జతను చేత్తో పట్టి చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. ఆటోనగర్‌లో నీళ్ళు కలిసిన డీజిల్‌తో వచ్చిన ప్లంజర్ల మీద కనిపించే సూదిమొన గుంటలే ఎర్ర ద్రవపు సిట్రోయెన్ కవాటాల మీదా కనిపిస్తాయి. బండిని తిప్పుతూ ద్రవాన్ని క్రమం తప్పకుండా మారుస్తుంటే ఈ గుంటలు పడవు. ఏళ్ళ తరబడి షెడ్డులో నిలిపినప్పుడే పడతాయి. అంటే "తక్కువ తిరిగింది, జాగ్రత్తగా మూసి ఉంచాం" అని అమ్మేవారు గొప్పగా చెప్పే మాట ఎర్ర ద్రవపు బండి విషయంలో హెచ్చరికగా వినవలసిన మాట.

మన ఐడీ గురించి విన్నదీ సరిగ్గా అదే మాట.

ఐడీ 19 పరిశీలన

ఈ కారు దక్షిణాన డ్రోమ్ ప్రాంతంలో ఒక పొలం ఇంటి గోదాములో ఉంది. మొదటి యజమాని కుటుంబమే అమ్ముతున్నది. ఇంజను వేయగానే మొదట వెనుక భాగం, తరువాత ముందు భాగం లేవాలి. లేచింది కానీ చాలా ఆలస్యంగా. బండి పూర్తి ఎత్తుకు చేరాక రెగ్యులేటర్ నుంచి "టక్" మనే చప్పుడు వస్తుంది, అంటే పంపు ఒత్తిడిని నిల్వచేసే ప్రధాన గోళం నిండింది కనుక పంపు విశ్రాంతికి వెళ్ళిందని అర్థం. ఆరోగ్యంగా ఉన్న వ్యవస్థలో ఎవరూ ఏమీ కదపకపోతే మళ్ళీ ఆ చప్పుడు రావడానికి అర నిమిషమో అంతకన్నా ఎక్కువో పట్టాలి. ఇక్కడ నాలుగైదు సెకండ్లకొకసారి వస్తూనే ఉంది. ప్రధాన గోళంలో నైట్రోజన్ దాదాపు పోయిందనీ, అది కాక ఎక్కడో లోపల ద్రవం జారిపోతున్నదనీ దీన్నిబట్టి తెలుస్తుంది. ఇంజను ఆపి, మేము కాగితాలు చూసేలోపే వెనుక భాగం నేలకు దిగిపోయింది.

ట్యాంకు మూత తీస్తే ద్రవం ఎర్రగా లేదు, చిక్కటి కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. పాతబడిన ఎర్ర ద్రవం గోధుమ రంగుకు తిరగడం మామూలే. అసలు తేల్చుకోవలసింది ఎవరైనా అందులో ఆకుపచ్చది కలిపారా అన్నది. దీనికి ప్రయోగశాల అక్కరలేదు. ఒక గాజు గ్లాసులో నీళ్ళు తీసుకుని, సిరంజితో ట్యాంకు అడుగు నుంచి తీసిన ద్రవాన్ని కొన్ని చుక్కలు వేశాను. ఎల్‌హెచ్‌ఎస్ నీటిలో కరిగిపోతుంది, ఖనిజ తైలమైతే పైన తెట్టులా తేలుతుంది. చుక్కలు కిందికి దిగుతూ గోధుమ రంగు పొగలా విడిపోయి నీటిలో కలిసిపోయాయి. గ్లాసును కాసేపు కిటికీ దగ్గర పెట్టి వాలుగా చూశాం, పైన నూనె మెరుపు ఎక్కడా లేదు. అంటే ద్రవం పాతది, మురికిది, తేమ పట్టినదే తప్ప తప్పుడు ద్రవం కాదు. అమ్మేవారికి ఈ పరీక్ష బాగా నచ్చింది, ఆ గ్లాసు పారబోయవద్దని అడిగారు.

తరువాత చట్రం. ఈ కార్లలో బయటికి కనిపించే రేకులేవీ బరువు మోయవు. పక్కల పెట్టెలూ, నేలా, పైకప్పును మోసే స్తంభాలూ కలిసిన అస్థిపంజరం ఒకటి లోపల ఉంటుంది. మడ్‌గార్డులు, తలుపులు, బానెట్, డిక్కీ మూత అన్నీ దానికి బోల్టులతో తగిలించినవే. వెనుక మడ్‌గార్డును పట్టి ఉంచేది ఒకే ఒక్క బోల్టు, ఎందుకంటే వెనుక టైరు మార్చాలంటే దాన్ని తీయాల్సిందే. పాత కార్లు పరిశీలించేవారికి ఇది సంస్థ చేసిన మేలు: కారుతో వచ్చే పానతోనే అయిదు నిమిషాల్లో లోపలి చట్రాన్ని కళ్ళతో చూడవచ్చు. ఐడీ వెనుక మడ్‌గార్డు తీస్తే అరవై ఏళ్ళ మట్టి, ఎండిన గడ్డి, ఒక ఎలుక గూడు బయటపడ్డాయి. వాటిని బ్రష్షుతో దులిపాక కింద కర్మాగారం వేసిన రంగు కనిపించింది. పక్క పెట్టెల అడుగున నీరు కారే రంధ్రాలు తెరిచే ఉన్నాయి. వాటిలోంచి ఎండోస్కోపు (సన్నని గొట్టం చివర కెమెరా ఉండే పరికరం) పంపి చూస్తే పైపొర తుప్పే తప్ప పెచ్చులు లేవు. వెనుక సీటు కింద, డిక్కీ నేలలో, వెనుక అద్దం దిగువన, అంటే ఈ కార్లు సాధారణంగా చెడే చోట్లన్నిటా స్క్రూడ్రైవరు పిడితో కొట్టి చూశాను. డిక్కీ నేల మూలలో అరచేయంత భాగం తప్ప అంతా గట్టిగానే పలికింది. దక్షిణాది పొడి వాతావరణం, శీతాకాలంలో రోడ్లపై ఉప్పు చల్లే అలవాటు లేని ప్రాంతం, ఒక్క కుటుంబం చేతిలోనే ఉండడం ఇవన్నీ దానికి కలిసొచ్చాయి.

చిన్న లోపాలు చాలా ఉన్నాయి. వాటిలో చెప్పవలసింది టైర్ల సంగతి. 1965 సెప్టెంబరుకు ముందున్న ఈ బండ్లలో చక్రాన్ని మధ్యలో ఒకే పెద్ద బోల్టు పట్టి ఉంచుతుంది, రిమ్ము వ్యాసం 400 మి.మీ.; ఆ కొలతకు టైర్లు ఇప్పటికీ దొరుకుతాయి కానీ ధర చూస్తే కొనేవాళ్ళు ఒకసారి ఆలోచిస్తారు. నడిపి చూసే ధైర్యం ఆ బ్రేకులతో చేయలేదు, గోదాము ముందున్న మట్టి దారిలో ముందుకు వెనక్కు జరపడంతో సరిపెట్టాను.

డీఎస్ 21 పరిశీలన

ఈ బండి ఒక వ్యాపారి దగ్గర, లియోన్ నగర శివార్లలో ఉంది. నల్లరంగు, లోపల తోలు సీట్లు, 1967 సెప్టెంబరు నుంచి వచ్చిన కొత్త ముఖం: గాజు కవచాల వెనుక నాలుగు దీపాలు, వాటిలో లోపలి రెండు స్టీరింగుతో పాటు తీగల సాయంతో మలుపు వైపు తిరుగుతాయి. కొనుగోలుదారు కూడా ఆ రోజు వచ్చారు. ఎవరో చెప్పారని జేబులో ఒక అయస్కాంతం తెచ్చుకుని బానెట్ మీద పెట్టారు, అది జారిపోయింది. పైకప్పు మీద పెట్టారు, అక్కడా నిలవలేదు. "మొత్తం లప్పమేనండీ ఇది!" అని నా చెవిలో అన్నారు. బానెట్ అల్యూమినియంది, పైకప్పు ఫైబర్‌గ్లాసుది, ఏ డీఎస్‌లోనైనా అంతే అని చెప్పాక స్థిమితపడ్డారు. నేను ఆ అయస్కాంతాన్నే గుడ్డలో చుట్టి, తలుపు తెరిచి, గడప కింది పక్క పెట్టె మీద నెమ్మదిగా జరిపాను. ముందు సగంలో గట్టిగా పట్టింది. వెనుక తలుపు దగ్గరికి వచ్చేసరికి పట్టు సడలి, ఒక జానెడు మేర పూర్తిగా వదిలేసింది. ఆయన అన్న మాట బానెట్ విషయంలో తప్పు, ఇక్కడ మాత్రం అక్షరాలా నిజం.

అయినా ముందుగా హైడ్రాలిక్కుల సంగతి చెప్పడం న్యాయం. ట్యాంకులో ద్రవం స్వచ్ఛమైన ఆకుపచ్చ. ఇంజను వేసిన కొద్దిసేపటికే బండి వెనుక, తరువాత ముందు నిండుగా లేచింది. రెగ్యులేటర్ చప్పుడు అర నిమిషం దాటితే గాని మళ్ళీ రాలేదు. ఎత్తు మార్చే మీటను పైకి, కిందికి జరిపితే బండి తడబడకుండా పాటించింది. గోళాలు కొత్తగా నింపించినవని బిల్లు చూపించారు. ముందు వాటిలో 59 బార్లు, వెనుక వాటిలో 26 బార్లు ఉండాలి, మూలలు నొక్కి వదిలినప్పుడు ఆ తీరుగానే కదిలింది. గేర్ల బ్లాకు నుంచి ఎక్కడా కారడం లేదు. రోడ్డు మీద రెండో గేరు నుంచి మూడో గేరుకు మారడం దాదాపు తెలియలేదు. ఆగిన చోట నుంచి కదిలేటప్పుడు మాత్రం క్లచ్చు కాస్త గట్టిగా పట్టింది, అది సర్దుబాటుతో పోయే లోపం. బ్రేకు బొత్తాము ప్రయాణించే దూరమంటూ ఉండదు, పాదం పెట్టే బలాన్నిబట్టి పనిచేస్తుంది. మొదటిసారి నొక్కినవారెవరైనా పక్కవారిని అద్దం దాకా పంపుతారు. కొనుగోలుదారు నన్నూ పంపారు, రెండో కూడలి దాటేసరికి అలవాటు పడ్డారు. గతుకుల రాళ్ళ వీధిలో ఈ బండి నడిచే తీరు చూశాక, ఆయన ముఖంలో ఐడీ గురించిన ఆలోచన పూర్తిగా మాయమైంది. ఆ తన్మయత్వాన్ని చెడగొట్టడమే ఆ మధ్యాహ్నం నా పని.

వెనుక మడ్‌గార్డు తీయాలంటే వ్యాపారి మొదట అయిష్టపడ్డారు, రంగు గీసుకుపోతుందన్నారు. తీయకపోతే నివేదికలో "చూడనివ్వలేదు" అని రాస్తానని చెప్పాక పాన తెచ్చారు. లోపల అంతా నిగనిగలాడే కొత్త నల్ల తారు పూత. ఇటువంటి పూత కనబడితే దాని కింద ఏముందో చూడనిదే కదలకూడదు. పూత కింద ఒకదాని మీద ఒకటి అతికించిన రేకు ముక్కల అంచులు వేళ్ళకు తగిలాయి; నీరు కారే రంధ్రాలను అదే పూతతో మూసేశారు. గడప లోపలికి వెళ్ళే మరో రంధ్రం నుంచి ఎండోస్కోపు పంపితే తెర మీద కనిపించింది పొరలు పొరలుగా విచ్చుకున్న తుప్పు, పాత రేకు మీద కొత్త రేకు, వాటి మధ్య తడి. బండిని అతి ఎత్తు స్థానానికి లేపి తలుపులు తెరిచి మూశాను. ఎడమ వెనుక తలుపును కొద్దిగా పైకెత్తితే గాని గొళ్ళెం పడలేదు, కుడివైపు అలా లేదు. చట్రం ఆ పక్క కుంగుతున్నదనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

సస్పెన్షన్ చేతులు కలిసేది ఈ పక్క పెట్టెల చివర్లలోనే. అది సౌందర్యానికి సంబంధించిన లోపం కాదు.

తూకం

నివేదికలో నేను వేసిన లెక్క ఇది. ఐడీలో చెడినవన్నీ బోల్టు విప్పితే చేతికొచ్చే వస్తువులు: పంపు, రెగ్యులేటర్, ఎత్తు కవాటాలు, సస్పెన్షన్ సిలిండర్లు, గోళాలు, తిరుగు ద్రవపు రబ్బరు గొట్టాలు, బ్రేకు భాగాలు. వీటిని ఒక్కొక్కటిగా పునరుద్ధరించి ఇచ్చే నిపుణులు ఫ్రాన్సులోనూ నెదర్లాండ్స్‌లోనూ ఉన్నారు, సీళ్ళూ దొరుకుతాయి. ఖర్చు తక్కువేమీ కాదు, అడిగిన ధరలో సగానికి చేరువవుతుంది. కానీ అది ముందే లెక్కకట్టగల ఖర్చు, పని మొదలయ్యాక పెరిగిపోయే రకం కాదు. డీఎస్‌లో చెడిన చట్రం అటువంటిది కాదు. దాన్ని సరిగా బాగుచేయాలంటే రేకులు, తలుపులు, సీట్లు, అద్దాలు, చట్రం వెంబడి వెనక్కు వెళ్ళే హైడ్రాలిక్ గొట్టాలు సహా అన్నీ ఊడదీసి, అస్థిపంజరాన్ని కొలతల బల్ల మీద బిగించి, కుళ్ళినది కోసి, కొత్త పెట్టెలు వెల్డు చేయాలి. పక్క పెట్టెల రేకులు కొత్తవి దొరుకుతాయి, సమస్య రేకు కాదు, కూలి గంటలు. పైగా కోయడం మొదలుపెట్టాక తుప్పు ఎంతదాకా పాకిందో ముందుగా చెప్పగలిగేవాళ్ళు లేరు. అదీ కాక, ఆ రేకు ముక్కల అతుకులు వేసినవారే పైన ఎండోస్కోపుకు అందని చోట్ల ఏం చేశారో మనకు తెలియదు.

ధర సంగతికొస్తే, డీఎస్‌కు అడిగినది మంచి చట్రమున్న బండి ధర. ఆ చట్రంతో అది విడిభాగాలకు పనికొచ్చే బండి కన్నా కొంచెం ఎక్కువ విలువ చేస్తుంది, అంతే. ఆ ధరలో మూడో వంతుకు ఇచ్చినా కొనవద్దని రాశాను. ఐడీకి మాత్రం హైడ్రాలిక్కుల పూర్తి ఓవర్‌హాల్ ఖర్చును అడిగిన ధరలోంచి చాలావరకు తగ్గించగలిగితే కొనమన్నాను. "అయితే డీఎస్ మీద ఆశ వదులుకోవాలా?" అని ఆయన అడిగారు. డీఎస్ మీద కాదు, ఈ డీఎస్ మీద అని చెప్పాను. ఆకుపచ్చ ద్రవపు డీఎస్ చట్రం బాగుంటే నాకు తెలిసినంతలో అంతకన్నా నమ్మకంగా నడిచే పాత కారు తక్కువ. గేర్లు హైడ్రాలిక్ అయినంత మాత్రాన భయపడనక్కరలేదు, వాటి సర్దుబాటు తెలిసిన మెకానిక్కు దగ్గరలో ఉంటే చాలు. ఈ మాటను రెండు పేరాలుగా నివేదికలో కూడా రాశాను, ఎందుకంటే మరో ఏడాదికి ఆయన మళ్ళీ డీఎస్ వైపు చూస్తారని నాకు అనుమానం.

మరో ప్రశ్న కూడా తేల్చవలసి వచ్చింది. ఎలాగూ అంతా విప్పుతున్నప్పుడు ఐడీని ఎరుపు నుంచి ఆకుపచ్చకు మార్చేస్తే పోలేదా? ఫ్రాన్సులో చాలామంది అలా మార్చారు, అది సాధ్యమే. కానీ మార్చడమంటే ద్రవం తాకే ప్రతి సీలూ, ప్రతి రబ్బరు పొరా, ప్రతి గొట్టమూ మార్చడం; ఒక్క చిన్న రబ్బరు పాతది మిగిలినా అది ఉబ్బి ఎక్కడో ఒకచోట అడ్డుపడుతుంది, ఆ చోటు బ్రేకులదైతే సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఈ బండి మొదటి యజమాని కుటుంబం నుంచి వస్తున్నది, భాగాలన్నీ అసలువి. ఎరుపులోనే ఉంచి, ఏడాదికో, తప్పితే రెండేళ్ళకో ద్రవం మొత్తం మార్చుతూ, నెలకొకసారైనా నడుపుతూ ఉంటే చాలునని సలహా ఇచ్చాను. వాడకం తక్కువై షెడ్డులో ఎక్కువ కాలం ఉంచేవారికి నేను దీనికి విరుద్ధంగా చెప్పేవాణ్ణి.

తరువాత జరిగినది

బేరం కుదరడానికి గ్లాసులో చుక్కల పరీక్ష పరోక్షంగా ఉపకరించింది. తమ బండిలో తప్పుడు ద్రవం లేదని తేలడం అమ్మే కుటుంబానికి గౌరవంగా తోచింది, మిగతా లోపాలను వినడానికి మనసు తెరిచారు. తగ్గింపు నేను రాసినదానికి దగ్గరగానే వచ్చింది. ఫ్రాన్సులో అమ్మకానికి ముందు ఆరు నెలల లోపు చేయించిన సాంకేతిక తనిఖీ పత్రం ఉండాలి, దాన్ని అమ్మేవారే చేయించారు. అందులో బ్రేకుల గురించి రాసిన లోపాలు మా అంచనాకు అదనపు బలమయ్యాయి. కారు వయసు ముప్ఫై ఏళ్ళు దాటింది కనుక కొన్నాక రిజిస్ట్రేషన్‌ను సేకరణ వాహనం కింద మార్పించుకున్నారు. దానివల్ల ఆ తనిఖీ ఇకపై అయిదేళ్ళకొకసారి చాలు.

బండి చలికాలమంతా వర్క్‌షాపులో ఉంది. విప్పినప్పుడు వెనుక ఎడమ సిలిండరు, ఒక ఎత్తు కవాటం గుంటలు పడి పనికిరాకుండా పోయాయని తేలింది, వాటికి బదులు పునరుద్ధరించినవి తెప్పించారు. రెగ్యులేటర్ శుభ్రం చేసి సీళ్ళు మార్చితే సరిపోయింది. గోళాలన్నిటికీ కొత్త పొరలు వేసి నైట్రోజన్ నింపించారు. డిక్కీ మూలలో అరచేయంత భాగాన్ని కోసి కొత్త రేకు వెల్డు చేశారు, లప్పం పెట్టనివ్వలేదు. పని ముగిశాక నేను మళ్ళీ చూశాను: రెగ్యులేటర్ చప్పుళ్ళ మధ్య విరామం ముప్పావు నిమిషం దాటింది, రాత్రి నిలిపిన బండి ఉదయానికి కూడా వెనుక కొంచెం వంగిందే తప్ప నేలకు దిగలేదు. ట్యాంకు మూత మీద ఎర్ర రంగు పూయించి, "ఎల్‌హెచ్‌ఎస్ మాత్రమే" అని ఫ్రెంచిలో రాసిన రేకు బిళ్ళ కట్టించాను, ఎందుకంటే హైవే పక్క గరాజుల్లో ఈ రోజు దొరికే సిట్రోయెన్ ద్రవం ఆకుపచ్చదే, సాయం చేయబోయిన చేయి దాన్నే పోస్తుంది.

మిగిలిపోయిన విషయం స్టీరింగు. నడుస్తున్నప్పుడు ఐడీ స్టీరింగు తేలికగానే ఉంటుంది, ఇరుకు చోట నిలపాలంటే మాత్రం భుజబలం కావాలి. గ్రెనోబుల్ వీధుల్లో ఆయన భార్య రెండుసార్లు ప్రయత్నించి, ఇక ఈ బండిని నిలిపే పని మీదేనని ఆయనకు అప్పజెప్పారు. ఆ కాలంలోనే ఐడీకి పవర్ స్టీరింగు అదనపు సదుపాయంగా ఇచ్చేవారు కనుక అసలు భాగాలతోనే అమర్చడం సాధ్యమే. అయితే ఒక్క పిస్టన్ పంపు దానికి చాలదు, ఏడు పిస్టన్ల పంపు వేయాలి, దానితో పాటు గొట్టాల అమరికా మారుతుంది. ముందు టైర్ల ఖర్చు తేలాలని, ఆ తరువాతే దీని సంగతి చూద్దామని ప్రస్తుతానికి అనుకున్నారు.